తుఫాను రాకముందు మనము అచ్చియున్న ఋణము



బంగాళాఖాతములో వాయుగుండము ఏర్పడినదని వార్త వచ్చిన ప్రతిసారి మన ఇండ్లలో రెండు మాటలు వినబడును. ఒకరు, "దేవుడున్నాడు, ఆయన చిత్తము లేకుండ ఏమి జరుగును?" అని కదలక కూర్చుందురు. మరియొకరు బియ్యము, కొవ్వొత్తులు, త్రాగునీరు సర్దుకొని తలుపులు బిగించుకొందురు. మొదటివారి కంటికి రెండవవారు అల్పవిశ్వాసులు. రెండవవారి కంటికి మొదటివారు సోమరులు. ఈ వాదము మన సంఘములలో చాల కాలముగా నడుచుచున్నది. అయితే ఇద్దరును తమ ఇంటిని గూర్చియే మాటలాడుచున్నారని గమనించితిరా? వీధి చివర రేకుల ఇంటిలో మంచము పట్టియున్న ముసలమ్మను ఎవరు మోసుకొని వెళ్ళవలెను? గాలి లేవకముందే ఆ సంగతి ఎవరు ఆలోచించియుండవలెను? ఈ మూడవ ప్రశ్ననే మనము అరుదుగా అడుగుచున్నాము.

ఆపద వచ్చిన తరువాత పొరుగువానికి సహాయము చేయుట మన ధర్మమని అందరము ఒప్పుకొందుము. మంచి సమరయుని కథ మన పిల్లలకు కూడ కంఠపాఠము. కాని ఆపద రాకముందు మనము పొరుగువానికి ఏమైన అచ్చియున్నామా? ఇంకను దెబ్బ తగలనివానికి మనము ఋణస్థులమా? దీనిని ప్రార్థనతో, నిదానముగా ఆలోచింతము.

మొదట మన స్వంత చరిత్రను చూతము. తెలుగు బాప్టిస్టులలో 1878 జూలై 3వ తేదీని ఎరుగనివారు తక్కువ. ఆ దినమున ఒంగోలుకు దగ్గర గుండ్లకమ్మ నదిలో వెల్లంపల్లి వద్ద 2,222 మంది బాప్తిస్మము పొందారు. ఆ సంఖ్యను ప్రసంగములలో ఎన్నో సారులు విన్నాము. దానికి ముందు జరిగినది మాత్రము అంతగా వినలేదు. 1876 నుండి 1878 వరకు మద్రాసు రాజధానిని పీడించిన ఆ కరువు మన పెద్దలు ధాత కరువు అని చెప్పుకొన్నదే. వానలు తప్పినవి, ధాన్యము ధరలు చేతికందకుండ పోయినవి, లక్షలాది జనులు చనిపోయారు. అప్పుడు జాన్ ఎవరెట్ క్లౌ దొరగారు కేవలము గంజి పోసి ఊరుకొనలేదు. ఆయన సర్వే పని నేర్చినవాడు. ప్రభుత్వమువారు త్రవ్వించుచున్న బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ళ పనిని కాంట్రాక్టుగా తీసికొని, ఆకలితో ఉన్నవారికి కూలి పని ఇచ్చారు. ఆ కరువు సహాయము జరిగినంత కాలము, అనగా సుమారు 15 నెలలు, ఆయన ఒక్కరికిని బాప్తిస్మము ఇవ్వలేదు. అన్నము కొరకు ఎవరును క్రీస్తును ఒప్పుకొనకూడదని ఆయన ఉద్దేశము.

మనము 2,222 అను సంఖ్యను జ్ఞాపకముంచుకొన్నాము గాని ఆ పారను, ఆ తట్టను మరచితిమి. ప్రభుత్వపు పనిని సంఘము చేతబట్టుట, ఆ పనిని మతమునకు ఎరగా వాడకుండుట, ఈ రెండును మన పుట్టుకలోనే ఉన్నవి.

అయినను ఒక మాట ఒప్పుకొనవలెను. ఆ సహాయము ఆలస్యముగా వచ్చిన సహాయమే. అప్పటికే వేలమంది పోయారు. ప్రభుత్వమువారు కూడ ఆ పాఠము తరువాతనే నేర్చుకొన్నారు. 1880లో కరువు కమీషను నివేదిక ఇచ్చినది, 1883లో కరువు నియమావళి తయారైనది. ధరలు పెరుగుట, జనులు గుంపులుగా ఊళ్ళు విడుచుట మొదలైన గురుతులు కనబడగానే, ఆకలి చావుల కొరకు వేచియుండక స్థానిక అధికారులు పనులు ఆరంభించవలెనని దాని సారము. ఊళ్ళు విడుచుట అను మాట దగ్గర మనము ఒక నిమిషము ఆగవలెను. ఇప్పుడు బెంగుళూరులోను, చెన్నైలోను, షోలాపూరులోను, బరంపురములోను స్థిరపడిన మనలో కొందరి తాతముత్తాతలు అట్టి కరువులలో కదలివచ్చినవారే. అధికారుల పుస్తకములో ఒకప్పుడు మన కుటుంబములే ఆపదకు గురుతులు!

ఇప్పుడు మన కాలమునకు వత్తము. 1999 అక్టోబరు నెలలో ఒడిశా రెండు దెబ్బలు తినినది. 17వ తేదీన గోపాలపురము, బరంపురము ప్రాంతమును ఒక తుఫాను కొట్టినది. 29వ తేదీన పారాదీపు వద్ద మహా తుఫాను తీరము దాటినది. జగత్సింగ్‌పూర్ జిల్లాలో సముద్రము ఊళ్ళ మీదికి వచ్చినది. సుమారు 10,000 మంది చనిపోయారు. వార్త రాలేదా? వచ్చినది. కాని వెళ్ళుటకు చోటు లేదు. తీరములో రెడ్ క్రాస్ వారు కట్టిన కొద్దిపాటి ఆశ్రయ భవనములు తప్ప గట్టి కట్టడములు బహు తక్కువ. హెచ్చరిక విని పరుగెత్తుటకు చోటు లేనివానికి ఆ హెచ్చరిక భయమే గాని సహాయము కాదు.

ఆ సంవత్సరము ముగియకముందే ఒడిశా ప్రభుత్వము ఈ పనికి ప్రత్యేకముగా ఒక సంస్థను ఏర్పరచినది. తరువాతి సంవత్సరములలో తీరము వెంబడి స్తంభముల మీద వందలాది ఆశ్రయ భవనములు లేచినవి. మామూలు దినములలో వాటిలో బడి నడుచును, గ్రామ సభ జరుగును. ప్రతి భవనమునకు గ్రామస్థుల కమిటీ ఉన్నది. ఎవరు హెచ్చరిక చెప్పవలెనో, ఎవరు ముసలివారిని తెచ్చెదరో, ఎవరు ప్రథమ చికిత్స చేసెదరో ముందుగా పంచుకొని, వానకాలమునకు ముందే ఒక దినము ఉత్తుత్తిగా చేసి చూచుకొందురు.

2013 అక్టోబరు 12న ఫైలిన్ తుఫాను అదే గోపాలపురము దగ్గర తీరము దాటినది. అదియు అతి తీవ్రమైన తుఫానే. ఆ రాష్ట్రములో సుమారు 10 లక్షల మందిని ముందుగా తరలించారు. గాలిలోను, తరువాత వచ్చిన వరదలోను పోయినవారు కొద్ది పదుల సంఖ్యలో మాత్రమే. 2019 మే 3న ఫొని తుఫాను పూరీని కొట్టినప్పుడు 12 లక్షల మందిని తరలించారు. 64 మంది మరణించారు. ఆ 64 మందియు దేవుని స్వరూపములే, వారి కొరకు మనము దుఃఖింపవలెను. కాని పది వేలకు, పదులకు మధ్య ఉన్న తేడాను ఏమందుము? మధ్యకాలములో గాలి మెత్తబడలేదు, సముద్రము దయ తలచలేదు. మారినది మనుష్యులు.

"అంతయు దేవుని చిత్తమే" అను సహోదరుని నేనిక్కడ మెల్లగా అడుగుచున్నాను. 1999లో జరిగినది దేవుని చిత్తమైతే 2013లో జరిగినది ఎవరి చిత్తము? ఆ లక్షల మందిని మోసిన లారీలలో, చేతులు పట్టి నడిపించిన యువకులలో దేవుడు పని చేయలేదా? ఫరో కలకు భావము చెప్పిన యోసేపు ఏడు కరువు సంవత్సరములు వచ్చునని తెలిసికొని ఊరకుండలేదు. పంటలో అయిదవ భాగము కొట్లలో చేర్పించెను. దేవుడు ముందుగా తెలియజేయుటయే మనము ముందుగా చేయుట కొరకు. యోసేపు ఆ దేశమునకు పరదేశి అని, నిలువచేసిన ధాన్యము తన వారి కొరకు మాత్రమే కాక ఐగుప్తీయులందరి కొరకని మరువకుడి.

అదే కథలో ఒక హెచ్చరిక కూడ ఉన్నది. ఆదికాండము 47వ అధ్యాయము చదివితే, ఆ కొట్ల తాళములు రాజు చేతిలోనే ఉండుట వలన ఆకలిగొన్న జనులు ధాన్యము కొరకు మొదట పశువులను, తరువాత భూములను, చివరకు తమ స్వాతంత్ర్యమును అమ్ముకొన్నారు. ప్రాణములు దక్కినవి గాని జనులు దాసులైరి. కాబట్టి సిద్ధపాటు ఉంటే చాలదు. ఆ సిద్ధపాటులో బీదవానికి మాట ఉండవలెను. ఆశ్రయ భవనపు తాళపుచెవి పెద్దమనిషి ఇంట ఉండి, ఆ ఇంటి గడప తొక్కుటకు కొందరికి సందేహము ఉన్నయెడల, ఆ భవనము ఉన్నను లేనట్టే.

ఇక యింకొక అభ్యంతరము. "పోయినసారి పరుగెత్తించారు, తుఫాను వేరే వైపు తిరిగినది. కూలి పోయినది, కోళ్ళు పోయినవి. ఈసారి వెళ్ళము" అని అనేకులు అందురు. ఇది తేలికగా త్రోసివేయదగిన మాట కాదు. రోజుకూలి వానికి ఒక దినము నష్టము నిజమైన నష్టమే. కాని ఇక్కడ యోనా ప్రవక్తను జ్ఞాపకము చేసికొందము. నలుబది దినములలో నీనెవెకు నాశనమని ఆయన ప్రకటించెను. పట్టణము విని మారినది, నాశనము రాలేదు. యోనాకు కోపము వచ్చినది, తన మాట పోయినదని పట్టణము బయట కూర్చుండెను. దేవుడు మాత్రము ఆ లక్షకు పైగా ప్రాణములను, వాటితోకూడ పశువులను తలచెను. హెచ్చరిక ఇచ్చునది అది నెరవేరుట కొరకు కాదు, అది నెరవేరకుండుట కొరకే. ఏమియు జరుగలేదని నవ్వువారి నడుమ నవ్వులపాలగుటకు సిద్ధపడినవాడే నిజమైన కావలివాడు. అయితే ఆ నష్టమును బీదవాడొక్కడే భరింపకూడదు. ఆశ్రయమునకు వెళ్ళినవాని మేకలకు చోటు, ఇంటికి కాపలా, పిల్లలకు అన్నము చూచుట మన పని. అప్పుడు రెండవసారియు వచ్చును.

మన సంఘములకు మరి దగ్గరైన సంగతి ఒకటి ఉన్నది. పూరీలోని పెంఠకట అను మత్స్యకారుల పేటలో వేలాది కుటుంబములు తెలుగు మాటలాడువారే. ఫొని తుఫాను ఆ పేట మీదుగా పోయినది. యానాము వారు 1996 నవంబరు 6 రాత్రిని మరువలేరు. 2022 జూలైలో గోదావరి వరద ఆ ఊరి ఇండ్లలోనికి వచ్చినది. 2005 జూలై 26న ముంబయి శాంతాక్రూజులో ఒక్క దినములో 944 మిల్లీమీటర్ల వాన కురిసినది. 2015 డిసెంబరులో చెన్నై మునిగినప్పుడు ఆ బురదను ఎత్తిన పారిశుద్ధ్య కార్మికులలో అనేకులు తెలుగు ఇండ్లవారు. సముద్రము వేడెక్కిన కొలది తుఫానుకు బలము త్వరగా చేరును. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే సుమారు నూటికి ఏడు వంతులు ఎక్కువ తేమను మోయగలదు, అది కురియునప్పుడు ఒక్కసారిగా కురియును. కావున ఇట్టి దినములు ఎక్కువగునే గాని తక్కువ కావు.

తుఫానుకు శబ్దమున్నది, ఎండకు శబ్దము లేదు. 1998 వేసవిలో ఒడిశాలో రెండు వేలకు పైగా జనులు వడదెబ్బకు చనిపోయారు. రోడ్డు పనివారు, రిక్షా లాగువారు, ముసలివారు ఒక్కొక్కరుగా పోయినందున పది ఊళ్ళు మునిగినంత వార్త కాలేదు. ఆ తరువాత ఆ రాష్ట్రములో వేసవి పనివేళలు మార్చుట, ఆసుపత్రులలో ముందుగా ఏర్పాట్లు చేయుట అలవాటైనది. గుజరాతులో అహమ్మదాబాదు నగరము 2013లో ఎండకు ప్రత్యేక ప్రణాళిక వేసికొన్నది. చలివేంద్రము పెట్టుట మన తెలుగువారికి క్రొత్త గాదు. దానిని ఎక్కడ, ఏ వేళ, ఎవరి కొరకు అని ఆలోచించి పెట్టుటయే క్రొత్త.

"ఇది ప్రభుత్వపు పని, సంఘమునకు ప్రభుత్వమునకు పొత్తు వద్దని గదా బాప్టిస్టుల నియమము?" అని కొందరు పెద్దలు అడుగవచ్చును. ఆ నియమము విలువైనది. దాని కొరకు మన పూర్వికులు చెరసాలలకు వెళ్ళారు. థామస్ హెల్విస్ 1612లో రాజుకు మనుష్యుల ఆత్మల మీద అధికారము లేదని వ్రాసి బంధింపబడెను. కాని మనస్సాక్షి మీద రాజుకు అధికారము లేదనుట వేరు, మునిగిపోవు పొరుగువాని మీద మనకు బాధ్యత లేదనుట వేరు. 2005లో వచ్చిన విపత్తు నిర్వహణ చట్టము ప్రకారము ప్రతి జిల్లాలో కలెక్టరు అధ్యక్షతన ఒక ప్రాధికార సంస్థ ఉండవలెను. పంచాయతీలకు, పురపాలక సంఘములకు కూడ తమ ఉద్యోగులను తరిఫీదు చేసి, సామగ్రి సిద్ధముగా ఉంచు బాధ్యత ఉన్నది. 2025లో జరిగిన సవరణ, రాష్ట్ర రాజధానులకు, నగరపాలక సంస్థలున్న నగరములకు ప్రత్యేక సంస్థలు ఏర్పరచుటకు రాష్ట్రములకు వీలు కల్పించినది. చట్టము కాగితము మీద ఉన్నది. ఆ కాగితములో మన వీధి ఉన్నదా అని అడుగువాడు కావలెను.

ఇక్కడే వలస వచ్చినవారమైన మన బలహీనత బయటపడును. మూడు తరములుగా ఉన్నను, "ఇది మన ఊరు కాదు గదా" అను మాట మన నోట వచ్చుచున్నది. ఎన్నికలలో ఓటు వేసెదము గాని వార్డు సభకు వెళ్ళము. హెచ్చరిక ఒరియాలోనో, తమిళములోనో, కన్నడములోనో, మరాఠీలోనో వచ్చును. పిల్లలకు అర్థమగును, అమ్మమ్మకు అర్థము గాదు. బబులోనుకు చెరగొనిపోబడిన వారికి యిర్మీయా వ్రాసిన పత్రికను (29వ అధ్యాయము) మనము ప్రత్యేకముగా చదువుకొనవలెను. మీరున్న పట్టణపు క్షేమమును కోరుడి, దాని క్షేమములోనే మీ క్షేమమున్నదని ఆయన వారికి బోధించెను. ఆ పట్టణము వారి స్వంతము కాదు, వారిని చెరపట్టినది. అయినను దాని క్షేమము కోరవలసివచ్చెను. మనలను కన్నబిడ్డలవలె పెంచిన పట్టణముల విషయములో మరి ఎంత ఎక్కువగా కోరవలెను!

అపొస్తలుల కార్యములు 11వ అధ్యాయము చివరి భాగమును చూడుడి. గొప్ప కరువు రాబోవుచున్నదని అగబు చెప్పగా, అంతియొకయలోని శిష్యులు అది వచ్చి తాకువరకు ఆగలేదు. ప్రతివాడు తన శక్తికొలది యూదయలోని సహోదరులకు పంపుటకు నిశ్చయించుకొని ఆ ప్రకారము చేసెను. ఆ సంఘము మొదలైనది చెదరిపోయి వచ్చినవారి చేతనే. శిష్యులు మొట్టమొదట క్రైస్తవులని పిలువబడినది ఆ పట్టణములోనే. హెచ్చరికను వినగానే అప్పుగా ఎంచుకొనిన సంఘమునకు ఆ పేరు తగినదే.

అయితే ఏమి చేయవలెను? ఆదివార ఆరాధన తరువాత ఒక గంట కూర్చుంటే ఆరంభింపవచ్చు. సంఘపు రిజిష్టరు ప్రక్కన మరియొక పుస్తకము పెట్టుడి. అందులో మన వీధులలో నడవలేనివారు, గర్భిణీ స్త్రీలు, ఒంటరివారు, ప్రతిదినము సూది మందు కావలసినవారు ఎవరో వారి సమ్మతితో వ్రాయుడి. సంఘ సభ్యులనే కాదు, ఇరుగుపొరుగున ఉన్న అందరినీ. ప్రతి పేరు ప్రక్కన మోయువారి పేర్లు రెండు ఉండవలెను, ఒకరు ఊరిలో లేకపోయిన మరియొకరు ఉందురు. ఇద్దరు పెద్దలు, ఒక సహోదరి కలిసి వార్డు ఆఫీసుకో పంచాయతీకో వెళ్ళి మూడు ప్రశ్నలు అడుగవలెను. మా వీధికి ఆశ్రయము ఏది? దాని తాళపుచెవి ఎవరి దగ్గర ఉన్నది? హెచ్చరిక తెలుగులో ఎవరు చెప్పుదురు? మూడవదానికి జవాబు లేకపోతే, మన యువజనులు ఆ పని చేయుదురని చెప్పి రావలెను.

మందిరము గట్టిదై, ఎత్తున ఉండి, నీళ్ళు, మరుగుదొడ్లు ఉన్నయెడల దానిని అధికారుల జాబితాలో వ్రాయించుడి. పల్లములో ఉన్న మందిరమైతే అక్కడికి రావద్దని ధైర్యముగా చెప్పుడి. తెరచిన దినమున అన్ని మతములవారికిని, అన్ని కులములవారికిని తెరువవలెను. తడిసి, ఆకలితో, వెళ్ళుటకు మరి చోటు లేక మన కప్పు క్రింద కూర్చున్నవారికి ప్రసంగము చేయకుడి. క్లౌ దొరగారి 15 నెలల నిగ్రహమును తలచుకొనుడి. అన్నము పెట్టిన చేయియే ఆ దినమునకు చాలిన సాక్ష్యము.

చివరకు మొదటి ప్రశ్నకు వత్తము. ముందుగా చేయు ఈ పనికి మనకు కృతజ్ఞత చెప్పువాడు ఉండడు. వరదలో బియ్యము పంచితే ఫోటో వచ్చును, పత్రికలో పేరు పడును. ముందుగా జాబితా వ్రాసినందున చావని ముసలమ్మ, తాను చావవలసియుండెనని ఎన్నటికి ఎరుగదు. ఏమియు జరుగలేదని, మనము వృథాగా హడావుడి చేశామని ఆమెయే విసుగుకొనవచ్చు. మత్తయి 25వ అధ్యాయములో కుడివైపున ఉన్నవారు, తాము ఎప్పుడు ప్రభువునకు సహాయము చేశామో తమకే తెలియదని ఆశ్చర్యపడుదురు. ఎవరికి మేలు చేశామో తెలియకుండ చేసిన మేలు అట్టిది. బహుశః ప్రేమలో ఇదియే మిక్కిలి పవిత్రమైన భాగము.

కాబట్టి ప్రార్థన మానవలెనా? మానవద్దు. మోకాళ్ళూని ప్రార్థింతము. లేచిన తరువాత ఆ రేకుల ఇంటికి వెళ్ళి, "అమ్మా, గాలి వస్తే మేమిద్దరము వచ్చి నిన్ను తీసికొని వెళ్ళుదుము, మీ మేకను కూడ" అని చెప్పి వత్తము. ఆ మాట ఈ వారమే చెప్పవలెను. గాలి లేచిన తరువాత అది ఆమెకు వినబడదు.

శాంతికర్తయగు దేవుడు మీ సంఘములకును, మీరున్న పట్టణములకును తోడైయుండును గాక. ఆమేన్.